నేను ఇంటికి చేర్చిన పిల్ల

తొంభైల చివర్లో మేడ్చల్ దిక్కు ఒక స్టేషన్‌లో నేనొక్కదాన్నే లేడీ కానిస్టేబుల్‌ని. మగవాళ్లకు దొంగలు, యాక్సిడెంట్లు, బందోబస్తులు. నాకు పార్కు. షామీర్‌పేట చెరువుకు దగ్గర్లో ఉన్న ఆ పార్కులో వారానికి నాలుగు రోజులు డ్యూటీ. "జీతమిచ్చి మరీ చెట్ల కింద కూసోబెడుతుండ్రానే నిన్ను?" అని మా అవ్వ నవ్వేది. నిజానికి కూర్చునేది నేను కాదు. కూర్చున్నవాళ్లను లేపడం నా పని.

పార్కులో కూర్చోవడం నేరమని ఏ చట్టంలోనూ లేదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. కానీ కాలేజీకని బయల్దేరిన ఆడపిల్లలు పార్కుల్లో తేలుతున్నారని ఊళ్ల పెద్దమనుషులు వచ్చి ఎస్సై సారుకు చెప్పుకునేవాళ్లు. సారు నాకు చెప్పేవాడు. జంట దొరికితే అబ్బాయిని హోంగార్డు చూసుకునేవాడు. పది గుంజీలు, రెండు దెబ్బలు, "మళ్ల కనవడకు". అమ్మాయి నా వంతు. పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుని ఇంటికి కబురు పెట్టాలి. ఉత్త కబురు పెట్టడం నాకు మనసొప్పేది కాదు. పిల్ల భయంతో దారిలో ఏ చెరువులోనో దూకితే? అందుకని నేనే వెంట పోయి తల్లికి అప్పజెప్పి వచ్చేదాన్ని. ఇది నేను సొంతంగా పెట్టుకున్న పద్ధతి. దాని మీద నాకు మస్తు గర్వం ఉండేది.

కోపం కూడా ఉండేది. మాది గుండ్లపోచంపల్లి. నాయిన కూలికి పోయేవాడు. మా వాడలో ఇంటర్ పాసైన మొదటి ఆడపిల్లను నేను. ఆ కాగితం లేకపోతే నాకు ఈ ఖాకీ లేదు, నాట్లు వేస్తూ ఉండేదాన్ని. అంత విలువైన చదువును పార్కుపాలు చేస్తున్నారని ఆ పిల్లల్ని చూస్తే ఒళ్లు మండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు.

ఆ రోజు మాఘమాసపు పొద్దు, పన్నెండు దాటింది. సిమెంటు బెంచీ మీద ఒక పిల్లా, ఒక పిల్లగాడూ కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా కాలేజీ సంచి ఉంది. పిల్ల ఒడిలో రికార్డు పుస్తకం తెరిచి పెన్సిలుతో ఏదో గీస్తోంది.

"ఏం నడుస్తాంది ఈడ?" అన్నాను.

"రికార్డు, మేడం. జరమొచ్చి పది రోజులు కాలేజికి పోలే. ఈయనది చూసి బొమ్మలు ఏస్కుంటున్న."

"బొమ్మలేస్కోనీకి పార్కే దొరికిందా? ఇంట్ల జాగ లేదా?"

"లేదు మేడం."

పొగరనుకున్నాను. హోంగార్డును పిలిచి పిల్లగాడిని అప్పజెప్పాను. పిల్ల చెయ్యి పట్టుకుని లేపాను. అప్పుడు అర్థమైనట్టుంది దానికి. గేటు దాకా ఒకటే బతిమాలింది.

"అక్కా, నీకు దండం పెడత. నన్ను గూడ గుంజీలు తియ్యమను, తీస్త. ఇంటికి మాత్రం రాకు. ఇంకో నెలైతే పరీక్షలు. ఇంటర్ అయితే నర్సింగుకు పోవచ్చని మా సారు చెప్పిండు. మా నాయిన మంచోడే అక్కా, కని వాడోళ్ల మాటలు పడలేడు."

"తప్పు చెయ్యనప్పుడు భయమెందుకే?" అన్నాను. ఆ మాటతో నోరు మూయించానని సంబరపడ్డాను కూడా.

బస్సు దిగి వాళ్ల వాడకు నడిచాం. చెరువులో వలలు వేసుకుని బతికే కుటుంబాలు అవి. నేను ముందు, తలొంచుకుని పిల్ల వెనక. వల బాగుచేస్తున్న ముసలాయన చేతులాపి చూశాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి వెంట వచ్చారు. ఇల్లు చేరేసరికి మా వెనక ముప్పై మంది ఉన్నారు. ఇల్లంటే ఒకే గది. సగం గది నిండా వలలు, ఒక మూల మంచం మీద దగ్గుతున్న ముసలామె, ఇంకో మూల పొయ్యి. జాగ లేదని పిల్ల చెప్పింది నిజమే.

తల్లిని లోపలికి పిలిచి మెల్లగా చెప్పాను. "పిల్ల మంచిదే, తప్పేం చెయ్యలే. చదువుకుంటుండె. జర కనిపెట్టుకోండ్రి." ఆ మాట తల్లి ఒక్కతే విన్నది. ఖాకీని మాత్రం వాడంతా చూసింది. ఒక చీర కట్టుకుని పోయినా ఎవరో కాలేజీ టీచరమ్మ అనుకునేవాళ్లు. ఆ ఆలోచన నాకు అప్పుడు రానేలేదు.

పది రోజులకు తండ్రి స్టేషన్‌కు వచ్చాడు. తడిసిన గోనెసంచిలో నాకోసం రెండు కొర్రమట్ట చేపలు తెచ్చాడు. ఇంకా కదులుతున్నాయి.

"మీ పుణ్యమాని జల్దీ కండ్లు తెరిసినమమ్మా. కీసర దిక్కు పిలగాడు. పెండ్లి ఖాయం జేసినం. మీరు తప్పకుండ రావాలె" అన్నాడు.

ఎప్పుడని అడిగితే తేదీ చెప్పాడు. పరీక్షలు ఆ వారంలోనే.

"పరీక్షలు రాయనియ్యే అన్నా. ఎండకాలంల పెట్టుకోండ్రి పెండ్లి."

ఆయనకు కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "పోలీసు ఇంటికొచ్చిన పిల్లను చేసుకోనీకి ఎవలు ఆగుతరమ్మా? వీళ్లు ఒప్పుకున్నదే ఎక్కువ."

"తప్పేం లేదని నేను చెప్పిన గద!"

"చెప్పిండ్రు. నేను నమ్మిన. వాడకు ఎవలు జెప్పాలె?"

చట్టం గుర్తొచ్చింది. పిల్లకు పద్దెనిమిది నిండాయా అని ఆశగా అడిగాను. నడుమ ఒక ఏడు బడి మానేసి మళ్లీ చేరిందట, రెండు నెలల కిందటే నిండాయట. సారుకు చెబితే "ఇగ మనకేం సంబంధం?" అన్నాడు. ఆ ఆదివారం చీర కట్టుకుని, తల్లితో మాట్లాడదామని మళ్లీ వాళ్ల ఊరికి పోయాను. వాడ మొదట్లో ఆడుకుంటున్న పిల్లలు నన్ను గుర్తుపట్టి, "పోలీసామె మళ్ల వచ్చింది!" అని అరుచుకుంటూ లోపలికి ఉరికారు. రెండోసారి నేను ఆ గడప తొక్కితే ఉన్న సంబంధం కూడా పోయి, చదువూ లేక, పెండ్లీ లేక ఆ పిల్ల ఏమైపోతుందోనని భయమేసింది. అక్కడినుంచే వెనక్కి తిరిగాను.

తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు పార్కు డ్యూటీలు చేశాను. చేతుల్లో సెల్‌ఫోన్లతో కొంపల్లి నుంచి బైకుల మీద జంటలు రావడం మొదలైంది. తండ్రి పేరు ఎవర్నీ అడగలేదు. "ఎండల కూసున్నరు, నీడకు జరుగుండ్రి" అని పక్కనుంచి పోయేదాన్ని. నేను మెత్తబడ్డానని సారు మెమో ఇచ్చాడు. తీసుకున్నాను. అయితే ఇదంతా చెప్పుకుని నేను మంచిదాన్ని అనిపించుకోవడానికి లేదు. పెండ్లి సంగతి దాటేస్తున్నాను.

పెండ్లికి పోయాను. పోకపోతే బాగుండుననిపించింది, పోకుండా ఉండటానికి ముఖం చెల్లలేదు. తండ్రి ఎదురొచ్చి ముందు వరసలో కుర్చీ వేయించాడు. "ఈ మేడం లేకుంటే మా బిడ్డ ఆగమైతుండె" అని చుట్టాలందరికీ చూపించాడు. వాళ్లు నాకు దండాలు పెట్టారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తాళి కట్టాక పిల్లను నా దగ్గరికి తెచ్చి, "మేడం కాళ్లు మొక్కు" అన్నాడు. పిల్ల వంగింది. వద్దు వద్దంటూ నేను భుజాలు పట్టి లేపాను. ముఖంలో ముఖం పెట్టి చూసింది. కండ్లల్లో నీళ్లు లేవు.

"ఇయ్యాల ఇంగ్లీషు పరీక్ష అక్కా. ఈ పాటికి సగం రాసేదాన్ని" అంది మెల్లగా.

నా చేతిలో అక్షింతలు ఉన్నాయి. తండ్రి పక్కనే నిలబడి, వెయ్యండమ్మా అంటున్నాడు. వేశాను.