కిందపడిన పెన్ను

పోయిన వారం నడుం చూపించుకోవడానికి ఫిజియోథెరపీ గదికి వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళు నర్సుగా వార్డుల్లో తిరిగిన నడుం, రిటైరయ్యాక ఇక నా సంగతీ చూడమని పట్టుబట్టింది. నా వివరాలు రాసుకుంటున్న విద్యార్థినికి మా మనవరాలి వయసుంటుంది. ఆ పిల్ల చేతిలోంచి పెన్ను జారి నా కుర్చీ ముందు పడింది. నేను వంగలేదు. పళ్ళ బిగువున వంగితే అందేదే, కానీ భయమేసి వంగలేదు. నవ్వకండి, ఆ భయం వయసు నలభై ఏళ్ళ పైమాటే.

మేం నర్సు శిక్షణలో ఉన్నప్పుడు అనంతపురంలో ఒక ఆసుపత్రికి పనికి వెళ్ళేవాళ్ళం. నడుం నొప్పి వాళ్ళను ముందు మేం చూసి, చీటీ రాసి, డాక్టరు గారి దగ్గరికి పంపాలి. నిజం చెప్పొద్దూ, వాళ్ళంటే మాకు విసుగు. విరిగిన కాలు కనబడుతుంది, జ్వరం చేతికి తగులుతుంది, ఈ నొప్పి మాత్రం వాళ్ళు చెబితే వినాల్సిందే. అందులోనూ ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఇక మాకు వాళ్ళు దొంగలతో సమానం. మా సీనియరక్క ఒకామె మాకో కిటుకు నేర్పింది. మాట్లాడుతూ మాట్లాడుతూ పెన్ను కింద పడేయాలి, రోగి వంగి తీసిచ్చారా, నొప్పి ఉత్తదే. కనిపెట్టిన అక్క ఎంత తెలివైనదో అని మురిసిపోయేవాళ్ళం. మా వయసువాళ్ళలో ఆ పని చేసిన వాళ్ళు ఇంకా ఉండే ఉంటారు, నాతోపాటు తలదించుకోండి.

ఒకరోజు గార్లదిన్నె పక్క పల్లె నుంచి ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. బతుకంతా వేరుశనగ పీకిన మనిషి. ఇంట్లో అందరూ పనికి ఒళ్ళు వంగక నొప్పి అంటోందని అంటున్నారట, నొప్పి ఉన్న మాట నిజమేనని ఆసుపత్రిలో ఎవరో ఒకరు కొడుకుతో చెబితే చాలట. మందు కంటే ముందు ఆ మాట కోసం వచ్చింది. నేను పెన్ను పడేశాను. ఆమె ఒక చేత్తో బల్ల పట్టుకుని, మెల్లగా వంగి, పెన్ను తీసి, కళ్ళకద్దుకుని నా చేతికిచ్చింది. నేను నా స్నేహితురాలి వంక చూసి నవ్వాను. చీటీ మీద నొప్పి లేదని రాసి, డాక్టరు గారి దాకా పంపకుండానే, బయట నిలబడ్డ కొడుకుతోనూ అదే చెప్పాను. అతను తల్లి మొహం కూడా చూడకుండా ముందు నడిచాడు.

కాసేపటికి నీళ్ళు తాగుదామని వరండాలోకి వెళితే ఆమె గోడవారన, బండల మీద, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. బస్సు దాకా నడవలేక ఆగిపోయిందట. పక్కన కూర్చుని, అంత నొప్పి ఉంటే పెన్ను ఎందుకు తీశావని అడిగాను, గొంతులో కోపం కూడా ఉన్నట్టు గుర్తు.

"అచ్చరాలు రాసే పెన్ను కాళ్ళకింద పడుంటే యెట్ల సూస్తా కూసునేది తల్లీ? నొప్పి యాడికి పోతాది, అది నాతోనే ఉండాది."

ఆ మాటకు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గేటు దాకా పరిగెత్తి కొడుకును పట్టుకుని, అన్నా, నేను తప్పు చెప్పినాను, మీ అమ్మ నొప్పి నిజమే అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇందాక లేదంటివి, ఇప్పుడు ఉండాదంటావు. ఏందమ్మా మీ సదువులు?"

చీటీ కొట్టేసి మళ్ళీ రాసి, డాక్టరు గారికి జరిగింది చెప్పి చీవాట్లు తిన్నాను. ఆయన మందులు రాసి, వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారమే కాదు, ఆ తర్వాత కూడా ఆమె రాలేదు. కొడుకు నా మొదటి మాట నమ్మాడో, రెండో మాట నమ్మాడో నాకు ఈనాటికీ తెలియదు. నర్సుగా ఉన్నన్నాళ్ళూ నడుం నొప్పి అన్న ఏ పెద్దావిడను చూసినా ఆమేమోనని మొహం వెతికేదాన్ని.

అందుకే పోయిన వారం బిగుసుకుని కూర్చున్నాను. ఆ పిల్లకు ఇవేవీ తెలియవు. అయ్యో అంటూ తనే వంగి పెన్ను తీసుకుని, ఏ పని చేసేటప్పుడు నొప్పి ఎక్కువవుతుంది, రాత్రి నిద్ర పడుతుందా, ఇంట్లో సాయం చేసేవాళ్ళు ఉన్నారా అని ఒక్కొక్కటే అడిగింది. ఇప్పుడు ఇవన్నీ అడగడం నేర్పుతారట. ఆ రోజు నేను ఇందులో ఒక్కటి అడిగినా ఆమె వేరుశనగ చేల సంగతంతా చెప్పుకునేది కదా అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంత నొప్పిగా ఉందా అని అడిగింది ఆ పిల్ల. ఉందన్నాను. వెంటనే నమ్మి రాసుకుంది.