బసవమ్మ వేడినీళ్లు

ప్రయోగశాలలో రాణించలేకే కల్యాణి పేటెంటు లాయరైందన్నారు నూజివీడులో కొందరు. కంపెనీల మనిషన్నారు ఇంకొందరు. రెండూ నిజం కావు. లాయరు కోటు జేబులోనూ ఆమె పాత థర్మామీటరు ఉండేది. మామిడికాయలు కుళ్లకుండా వేడినీళ్లలో ముంచే పద్ధతి తనదేనని ఎనభై నాలుగులో ఒక కంపెనీ పేటెంటు కోరినప్పుడు, ఆ థర్మామీటరుతోనే ఆగిరిపల్లి తోటలో మామిడి రైతు బసవమ్మ కాగు పక్కన కూర్చుంది.

"ఎంత వేడుండాలి పెద్దమ్మా?"

"వేలు పెడితే చటుక్కున తియ్యాలి, బొబ్బ మాత్రం లేవకూడదు. మా అత్తగారి కొలత. నీ గాజుపుల్లకేం తెలుసమ్మా! అయినా మా కాయ ముంచుకోడానికి వాళ్లనడగాలా?"

కల్యాణి మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ యాభై రెండు డిగ్రీలే. కంపెనీ దరఖాస్తులోనూ అదే అంకె. ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యాలు జతచేసి, ఇది తరతరాలుగా వాడుకలో ఉన్న పద్ధతేనని అభ్యంతరం దాఖలు చేసింది. దరఖాస్తు వీగిపోయింది. నాటి నుంచి ఏటా తొలికోత రసాలు బసవమ్మ తోట నుంచి కల్యాణి ఇంటికే వెళ్తున్నాయి.

కల్యాణి చేసింది ఇంతే: బసవమ్మ వేలికి తెలిసిన వేడిని డిగ్రీల్లో రాసి, ఆమె నీళ్లను ఆమెకే ఉంచింది.