ఎద్దుకి పేరుంది

వీధులూడ్చే ఆవిడ ప్రతి సోమవారం డ్యూటీ దిగి, చేతులు రెండుసార్లు కడుక్కుని నగర రికార్డుల గదికి వస్తుంది. వేలికి ఉమ్మి తడి అంటించదు. కాగితాన్ని అంచు పట్టుకునే తిప్పుతుంది. ఆవిడ ఇల్లున్న స్థలం అప్పట్లో చెత్తబళ్ళు తోలేవాళ్ళకి ఇచ్చింది. తాత ఈ ఊళ్ళో చెత్తబండి తోలాడని రుజువు దొరికితేనే ఆ ఇల్లు నిలుస్తుంది, లేకపోతే ఆక్రమణ అని కూల్చేస్తారు. మొన్న పాత చెత్తబళ్ళ రిజిస్టరు దొరికింది. అందులో ఎడ్లకు పేర్లున్నాయి, వయసులున్నాయి, కొమ్ముల వంపు కూడా ఉంది. తోలినవాళ్ళ గడిలో మాత్రం ‘మనుషులు పన్నెండు’ అని ఒక్క ముక్క.

"ఇదిగో సార్, చుక్కోడు. మా తాత ఎద్దే. చచ్చేదాకా దీని కబుర్లే చెప్పేవాడు."

"ఎద్దుకైతే నకలు ఇవ్వగలనమ్మా, మీ తాతకి ఇవ్వలేను," అన్నాడు గుమాస్తా.

"అదే ఇవ్వండి. కూల్చడానికొచ్చినోళ్ళకి ఎద్దు మనవరాలినని చెప్పుకుంటా."