పూర్తి బాబాయి గులాబీ కార్డులు

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు "ఇది పూర్తయిందని మనకెలా తెలుస్తుంది?" అని అడగాలి. అడిగి ఊరుకోడు. ఎదుటివాళ్లు చెప్పిన జవాబును వాళ్ల చేతే గులాబీ రంగు కార్డు మీద రాయించాలి. అంతవరకు తాను స్క్రూ తిప్పడు, ఇంకొకర్ని తిప్పనివ్వడు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. కోల్డ్ రూములు బిగించే మా కంపెనీలో ప్రాజెక్ట్ ఇన్‌చార్జి. కోల్డ్ రూమంటే మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగేంత ఫ్రిజ్జు. ఆసుపత్రులకీ, మందుల గోడౌన్లకీ, పూల దుకాణాలకీ బిగిస్తాం. కంపెనీలో అందరికీ ఆయన ఎదురుగా బాబాయి, వెనకాల పూర్తి బాబాయి. ఆయన చొక్కా జేబులో పెన్ను లేని రోజు ఉండొచ్చుగానీ కార్డులు లేని రోజు లేదు.

ఒకసారి కటింగ్ చేయించుకోవడానికి వెళ్లాడు.

"పూర్తయిందని మనకెలా తెలుస్తుంది?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

"నేను గుడ్డ దులిపితే తెలుస్తుంది సార్," అన్నాడు బార్బర్.

"అది నీకు తెలుస్తుంది. నాకెలా?"

బార్బర్ కత్తెర పట్టుకుని అద్దంలోకి ఒకసారి, బాబాయి తలకేసి ఒకసారి చూశాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు పాపం. చివరికి "చెవులు రెండూ మొత్తం కనబడితే" అన్నాడు. బాబాయి కార్డు తీశాడు. ఆ తర్వాత చాలాకాలం ఆయన వీధి మలుపులో కనబడగానే ఆ బార్బర్ ఖాళీ కుర్చీ మీద తువ్వాలు పరిచి "మనిషి ఉన్నాడు సార్" అనేవాడు.

కూతురి పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌నీ వదల్లేదు. "కుటుంబం ఫొటోలు పూర్తయ్యాయని ఎలా తెలుస్తుంది?" అంటే, ఆ మనిషికీ వెటకారం ఎక్కువే, "మీరొక్కసారి పళ్లు కనబడేలా నవ్వితే సార్" అన్నాడు. బాబాయి కార్డు రాయించుకున్నాడు. రాయించుకున్నాక గుర్తొచ్చింది, కెమెరా ముందు తనకు నవ్వు రాదని. భోజనాలు గంట ఆలస్యమయ్యాయి. పిన్ని వచ్చి చెవిలో ఏదో అంటే నవ్వాడు. ఏమన్నావు పిన్నీ అని అడిగితే, "ఈ కాపురం పూర్తయిందని మీకు ఇప్పుడే తెలుస్తుంది అన్నానే" అంది.

నేను ఈ కంపెనీలో చేరింది ప్యానెల్ వైరింగ్ పనికి. కాలేజీ చదువు లేదు. పాడైపోయిన స్టెబిలైజర్లు విప్పి బిగించి నేర్చుకున్న పనే నా చదువు. చేరిన మొదటి రోజే బాబాయి నా చేత కూడా ఓ కార్డు రాయించాడు. వేళాకోళంగా ఏదో రాశాను. ఏం రాశానో సాయంత్రానికే మర్చిపోయాను.

రెండో నెలలో ఒక ఆసుపత్రి పని. కార్డు మీద మూడు గుర్తులు: తలుపు మూసిన గంటకు లోపల నాలుగు డిగ్రీలు ఉండాలి, చిటికెన వేలితో తోస్తే తలుపు మూసుకోవాలి, లోపల ఎవరైనా ఇరుక్కుంటే బటన్ నొక్కి బయటికి రాగలగాలి. మొదటి రెండూ సరిపోయాయి. "అయిపోయింది బాబాయ్" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నాడు. బటన్ పనిచేయలేదు. నేను బయట వైర్లు విప్పి, బిగించి, మళ్లీ విప్పి తలుపు తెరిచేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

"పూ... పూర్తి కాలేదు," అన్నాడు వణుకుతూ.

"లోపల్నుంచి తలుపు కొట్టొచ్చుగా బాబాయ్!"

"కొడితే నువ్వు కంగారుపడి తప్పు వైరు పట్టుకుంటావ్."

ప్రతి పనికీ ఇదే వరస. కార్డు ముందువైపు గుర్తులు మేం రాసేవాళ్లం. పని అయ్యాక కస్టమర్ కింద సంతకం పెట్టేవాడు. కార్డు బాబాయి జేబులోకి పోయేది. అక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో మాకు తెలియదు. ఇంట్లో పొయ్యి అంటించుకోవడానికి అని కంప్రెసర్ మెకానిక్ అనేవాడు. గ్యాస్ పొయ్యికి కార్డులెందుకని ఎవరూ ఆలోచించలేదు.

అలా పదకొండేళ్లు గడిచాక ఒక సోమవారం మేనేజర్ అందర్నీ పిలిచి, బాబాయి ఏడాది చివర రిటైర్ అవుతున్నాడని చెప్పాడు. "ఆ పోస్టు మనవాళ్లకే ఇద్దామని ఉంది. కాకపోతే ఇప్పుడు కస్టమర్లు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉన్న మనిషినే అడుగుతున్నారు. కావలసినవాళ్లు ఏదో ఒకదాంట్లో పేరు నమోదు చేయించుకుని నెలాఖరుకల్లా కాగితం చూపించండి. లేకపోతే హెడ్డాఫీసు బయటి మనిషిని పంపిస్తుంది."

ఆ కుర్చీ నాకు కావాలి. ఎవరితోనూ అనలేదుగానీ చాలా ఏళ్లుగా కావాలి. నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది.

మా వదిన ఒక ఆఫీసులో ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేస్తుంది. ఆవిడ మూడు బ్రోచర్లు తెచ్చి నా ముందు పేకముక్కల్లా పరిచింది. ఒకటి నాలుగు రోజుల కోర్సు, ఐదో రోజు సర్టిఫికెట్. రెండోది రెండేళ్ల సాయంత్రం డిప్లొమా. మూడోది అన్ని దేశాల్లోనూ చెల్లే పెద్ద పరీక్ష.

"నాలుగు రోజులదే చేసెయ్, వదినా. నీకు కావలసింది కాగితమేగా?" అంది.

"మరి పెద్దది?"

"ఆ పుస్తకం చూశావా? దిండు కింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది."

మర్నాడు బ్రోచర్లు బాబాయి బల్ల మీద పెట్టి ఏది మంచిదని అడిగాను. ఆయన వాటిని తెరవను కూడా తెరవలేదు.

"నీ చదువు పూర్తయిందని మనకెలా తెలుస్తుంది?"

"సర్టిఫికెట్ వస్తుంది కదా బాబాయ్."

"అది పరీక్ష పూర్తయిందని గుర్తు. నేనడిగేది నీ సంగతి. అది గోడకు తగిలించిన మర్నాడు పొద్దున నువ్వు ఇవాళ చేయలేని ఏ పని చేస్తావు?"

నాకు కోపం వచ్చింది. కోపంలో నిజం బయటికొచ్చింది. "ఎన్ని రోజులు పడుతుందో సరిగ్గా చెబుతాను," అన్నాను.

నా బలహీనత అదే. చేతి పనిలో నాకు వంకపెట్టేవాళ్లు లేరు. ఎన్నాళ్లు పడుతుందంటే మాత్రం నా నోట "రెండ్రోజులు" తప్ప మరో మాట రాదు. అది ఐదవుతుంది. నేను రెండ్రోజులంటే మేనేజర్ కస్టమర్‌కి వారం అని చెబుతాడు.

బాబాయి కార్డు ముందుకు తోశాడు. "రాయి."

ఆ శనివారం నాలుగు రోజుల కోర్సు వాళ్ల దగ్గరికి ఇద్దరం వెళ్లాం. అద్దాల గది, చల్లటి గాలి, నవ్వు చెరగని అమ్మాయి.

"నూటికి నూరు శాతం పాస్ గ్యారంటీ సార్!" అంది.

"సంతోషం తల్లీ. ఈవిడకి ఎన్ని రోజుల పనో అంచనా వేయడం రావాలి. అది వచ్చిందని మాకెలా తెలుస్తుంది?"

"పేరు పక్కన మూడక్షరాలు పెట్టుకోవచ్చు సార్."

"ఏ పక్కన?"

ఆ అమ్మాయి నవ్వు మొదటిసారి కొంచెం జారింది. "కుడి పక్కన సార్."

"అంచనాల గురించి ఎన్ని గంటలు చెబుతారమ్మా?"

ఆ అమ్మాయి కాగితాలు తిరగేసింది. మళ్లీ తిరగేసింది. తర్వాత గొంతు తగ్గించి, "మూడో రోజు మధ్యాహ్నం ఒక గంట సార్. ఎక్కువగా పదాలే నేర్పిస్తాం," అంది. బాబాయి లేచి ఆమెకు నమస్కారం పెట్టాడు. "నిజం చెప్పావు తల్లీ, మా సమయం మిగిల్చావు."

డిప్లొమా చెప్పే మాస్టారు ఆ తర్వాతి శుక్రవారానికిగానీ దొరకలేదు. తన సిలబస్ అంతా చూపించాడు. అది బాగుంది. బయటికొచ్చాక బాబాయి అన్నాడు: "ఇది చెడ్డదేం కాదమ్మాయ్. ఇప్పుడే పనిలోకి దిగేవాళ్లకి బంగారం. కానీ వీళ్లు మొదటి ఏడాది చెప్పేదంతా నీ చేతుల్లో ఉంది. నీకు కావలసింది నువ్వు చేసిన పనిని లెక్కలోకి తీసుకుని, ఆపైన నీకు రానిది నేర్పేది."

అలాంటిది పెద్ద పరీక్షే. అందులో సగం పుస్తకం అంచనాల గురించే. పని ఎక్కడ చెడుతుందో ముందే ఊహించడం, కస్టమర్ మధ్యలో మాట మార్చితే ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి భోజనాలు కాకముందే దరఖాస్తు తెరిచాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. కనీసం మూడేళ్లు పనులు స్వయంగా నడిపినట్టు ఆధారాలు జతచేయాలట. ఏ పని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ బాధ్యత, ఎవరు సాక్ష్యం.

కంపెనీ రిజిస్టర్లో ప్రతి పనికీ ఇన్‌చార్జి పేరే ఉంటుంది. అంటే బాబాయి పేరు. ఆరేళ్లుగా సైట్లో పని నడిపింది నేనైనా, కాగితం ప్రకారం నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషిని.

మర్నాడు ఆయన దగ్గరికెళ్లి చెప్పాను. "నాలుగు రోజులదే చేస్తాను బాబాయ్. దీనికి ఆధారాలు కావాలట. నా దగ్గర లేవు."

"ఎప్పటికల్లా కావాలి?"

"నెలాఖరుకి. ఆరు రోజులుంది."

ఆయన ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. కార్డు కూడా తీయలేదు. అది చూసి నాకు నిజంగా భయమేసింది.

మధ్యాహ్నం ఆటోలో పిన్ని దిగింది, ఒళ్లో నాలుగు చెప్పుల పెట్టెలతో. "ఇవి ఇంట్లోంచి కదులుతున్నాయంటే నమ్మలేకపోతున్నానే! ఇన్నేళ్లూ నా చీరల బీరువాలో సగం వీటికే," అంటూ బల్ల మీద పెట్టింది.

పెట్టెల నిండా గులాబీ కార్డులు. సంవత్సరాల వారీగా దారంతో కట్టి ఉన్నాయి. ముందువైపు నాకు తెలిసినవే. మేం రాసిన గుర్తులు, కస్టమర్ సంతకం. బాబాయి ఒక కార్డు తీసి వెనక్కి తిప్పాడు. వెనక తిప్పి చూడాలని పదకొండేళ్లలో మాకెవరికీ తోచలేదు.

వెనక ఆయన చిన్న అక్షరాలు. పని నడిపిన మనిషి: నా పేరు. మొదలు, ముగింపు తేదీలు. "మూడో రోజు గోడ వంకరగా ఉందని తేలింది. తానే కస్టమర్‌తో మాట్లాడి ఒప్పించింది." ఇంకోదాని వెనక: "రెండ్రోజులంది. ఐదు పట్టింది. అయినా ఎవరి మీదా అరవలేదు." మెకానిక్ నడిపిన పనులకు మెకానిక్ పేరు. పెయింటర్ పేరుతో కూడా ఉన్నాయి. పొయ్యి మాట పుట్టించిన మెకానిక్ తన కార్డులు చదువుకుంటూ చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు.

"ఇదంతా ఎందుకు రాశారు బాబాయ్?"

"నేనూ ఒకప్పుడు ఈ పరీక్షకే దరఖాస్తు పెట్టాను. ఆధారం ఏదన్నారు. నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. నోటిమాట వాళ్లకు పనికిరాదు, నాకూ పనికిరాదు." పెట్టె మూత పెడుతూ అన్నాడు, "నీవి నలభై మూడున్నాయి. సరిపోతాయేమో చూసుకో."

సరిపోయాయి, మిగిలాయి కూడా. మేనేజర్ ప్రతి కార్డు నకలు మీదా ముద్ర వేశాడు. నెలాఖరుకు రెండు రోజుల ముందే దరఖాస్తు వెళ్లింది. ఐదు నెలలు ఆ దిండులాంటి పుస్తకంతో కుస్తీ పట్టి పరీక్ష పాసయ్యాను. ఆ తర్వాత ఒక పూల దుకాణం పనికి తొమ్మిది రోజులు పడుతుందని చెప్పాను. తొమ్మిదే పట్టింది. మేనేజర్ క్యాలెండర్ ముందు నిలబడి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

బాబాయి చివరి రోజున తన కుర్చీ పక్కన నిలబడి చొక్కా జేబులోంచి అంచులు నలిగిన కార్డొకటి తీశాడు. "ఇది పెట్టెలో పెట్టలేదు," అన్నాడు.

పైన ఆయన రాత: "పని: ఈ అమ్మాయికి పని నేర్పడం." కింద పదకొండేళ్ల నాటి నా రాత: "పూర్తయిందని తెలిసే గుర్తు: బాబాయి తన కుర్చీలో కూర్చోమని నన్ను బతిమాలడం."

"కూర్చోమ్మా," అన్నాడు. "బతిమాలుతున్నాను."

కూర్చున్నాను. "సంతకం పెట్టు. ఈ పనికి కస్టమర్‌వి నువ్వే," అన్నాడు. పెట్టాను. అక్షరాలు వంకర పోయాయి. ఆయన చూడనట్టు కిటికీ గొళ్లెం సరిచేశాడు.

ఊరుకుంటే నేను ఆయన శిష్యురాలినెలా అవుతాను? సొరుగులోంచి కొత్త కార్డు తీశాను. "మరి మీ రిటైర్మెంట్ పూర్తయిందని మాకెలా తెలుస్తుంది?"

ఆయన మొదటిసారి ఇరుకున పడ్డాడు. నా పెన్ను అడిగి తీసుకుని రాశాడు: "ఎవర్నీ ఏమీ అడక్కుండా కటింగ్ చేయించుకుని వచ్చిన రోజు."

నిన్న ఆఫీసుకి వచ్చాడు. చెవులు రెండూ మొత్తం కనబడుతున్నాయి.

"అడిగారా?" అన్నాను.

"ఒక్క మాట అంటే ఒట్టు!" అన్నాడు గర్వంగా. తర్వాత కొంచెం ఇబ్బందిగా జేబులోంచి గులాబీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను నోరు మూసుకునే కూర్చున్నాను. ఆ బార్బరే కత్తెర పక్కన పెట్టి, ఇవాళ కార్డు రాయకుండా నేను మొదలుపెట్టను సార్ అన్నాడు."

ఆయన రిటైర్మెంట్ కార్డు తీసి, వెనక్కి తిప్పి, తేదీ వేసి రాశాను: "పూర్తి కాలేదు."