జైలు వంటశాలకు తాళం

ఏ ఊరి జైలో చెప్పను. చెబితే అప్పటి సూపరింటెండెంటుగారి మనవలు నొచ్చుకుంటారు. గోదావరి కాలవగట్టు పక్కన ఉండేదని మాత్రం చెప్పగలను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నన్ను కాకినాడ నుంచి అక్కడికి స్టాఫ్ నర్సుగా వేశారు. "జైలుకెళ్తున్నావంట, ఏం నేరం చేశావే?" అని మా వదిన వేళాకోళమాడింది. పెద్ద డాక్టరు మీద నోరు చేసుకున్నానని చెప్పాను. అది నిజమే.

ఆ ఏడాది ఆగస్టు పదిహేనుకి ఖైదీలకి పులిహోర పెట్టారు. మర్నాడు సాయంత్రం మగవాళ్ళ బ్యారక్కుల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి నిలబడ్డవాళ్ళకంటే పడుకున్నవాళ్ళే ఎక్కువ. సూపరింటెండెంటుగారు నన్ను పిలిపించి, "ఎవడో యానాం సరుకు లోపలికి తెచ్చుంటాడండి. అది తాగి కక్కుతున్నారు" అన్నారు.

"ఇంతమందికి సరిపడా సరుకు మీ గేటు దాటి వచ్చిందంటే పరువు పోయేది మీకే కదండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నా అనుమానం వేరే. ఆడవాళ్ళ బ్యారక్కులో ఒక్కరికీ ఏమీ కాలేదు. అందరూ తాగేది ఒకే ట్యాంకు నీళ్ళు. కాకపోతే ఆడవాళ్ళు పండగ పూటైనా తమ పొయ్యి మీద తామే వండుకునేవారు. మగవాళ్ళకి పెద్ద వంటశాల నుంచి వచ్చేది. నేరుగా అక్కడికే వెళ్ళాను.

వంటశాలలో పెద్ద తలకాయ ఒక ముసలాయన, శిక్ష పడ్డ ఖైదీ. కోనసీమలో పెళ్ళిళ్ళకి వండిన చెయ్యి. బాబాయ్ అని పిలిచేదాన్ని. గరిటె పెడితే మెతుకు చితికిపోతుందని, పులిహోర గంగాళంలోకి మోచేతిదాకా చెయ్యి దించి కలిపేవాడు. మనవైపు అందరం అంతే కదా, చేత్తో కలిపితేనే రుచి అంటాం. ఆ పూట అతను గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్, నీకెప్పుడు మొదలైంది?"

"నాకేం లేదు సిస్టరమ్మా."

"నాకు కథలు చెప్పకు."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుద్దమ్మా. జెండా పండగ ముందురోజు నుంచే ఇలా ఉంది. చెబితే వంటలోంచి తీసేస్తారు, రోజులు పోతాయి. దీపావళికి వచ్చేస్తానని మా ఆవిడకి కబురంపాను."

రోజులంటే రెమిషన్. వంటపని చేసిన ఖైదీకి నెలనెలా శిక్షలో కొన్ని రోజులు తగ్గిస్తారు. జబ్బుపడి పని మానేస్తే ఆ తగ్గింపు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు అతన్ని చెడామడా తిట్టాను. తిట్టడం అయ్యాక అసలు కోపం ఆ రూలు మీదికి మళ్ళింది. నిజం చెబితే జైల్లో ఇంకొన్నాళ్ళు ఉండాల్సి వచ్చేచోట నిజం ఎవడు చెబుతాడు?

పొయ్యిలు ఆర్పించి, అందరినీ బయటికి పంపి, వంటశాలకి తాళం వేశాను. తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. సూపరింటెండెంటుగారు పరుగున వచ్చారు.

"ఇంతమందికి కూడు ఎక్కణ్ణించి తేవాలండీ?"

"ఆడవాళ్ళు గంజి కాస్తున్నారు. మిగతాది హోటలు నుంచి తెప్పించండి. జబ్బు చేసిందని చెప్పినవాడికి ఒక్కరోజు కూడా పోదని మీరే బ్యారక్కుల ముందుకెళ్ళి చెప్పండి. అప్పుడు తాళంచెవి ఇస్తాను."

"ఖైదీలకి నేను మాటివ్వాలా? మీ మీద రిపోర్టు రాస్తాను."

"రాయండి సార్. అలా ఒకరు రాస్తేనే ఇక్కడికొచ్చాను."

ఆయన ఒక వార్డర్ని గునపం పట్టుకుని తాళం పగలగొట్టమన్నారు. పాపం, అతను గునపం ఎత్తబోయి, అక్కడే గడపమీద భళ్ళున కక్కేశాడు. చీపురు తేబోయినవాణ్ణి ఆపాను. ఊడిస్తే నలుమూలలా అంటుకుంటుందని, దానిమీద గుడ్డ కప్పి బ్లీచింగ్ నీళ్ళు పోయించాను. సూపరింటెండెంటుగారు రెండడుగులు వెనక్కి వేశారు. తర్వాత బ్యారక్కులవైపు నడిచి, ఊచల ముందు నిలబడి నేను చెప్పమన్న మాట చెప్పారు.

ఎవరూ నమ్మలేదు. చివరికి బాబాయే చెయ్యెత్తాడు. అతన్ని చూసి కూరగాయలు తరిగేవాళ్ళిద్దరూ ఎత్తారు.

రోగులందర్నీ ఒకే బ్యారక్కులో పెట్టాం. వాళ్ళకి వేరే మరుగుదొడ్డి, వేరే గ్లాసులు. కుండలో గ్లాసు ముంచడం మాన్పించి, పొడుగు కాడ గరిటె పెట్టించాను. గంటగంటకీ సబ్బు, బ్లీచింగ్. మాట ప్రకారం తాళంచెవి ఇచ్చేసి, వంటశాల కూడా అలాగే కడిగించాను. ఆ జబ్బు నోరోవైరస్ అయ్యుంటుందని ఒక డాక్టరుగారు చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నారు. పేరు తెలియకపోయినా సబ్బుతో పని జరిగింది. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు.

తగ్గగానే బాబాయ్ వంటకి వెళ్తానని వచ్చాడు. ఇంకో రెండ్రోజులు ఆగమన్నాను. వాంతులు ఆగినా ఒంట్లో పురుగు ఉంటుందన్నాను. అలిగాడు. అలగనీ అనుకున్నాను.

నెలాఖరున ఆఫీసువాళ్ళు అతని రోజులు కోసేశారు. తెలిసిన వెంటనే వెళ్ళాను. సూపరింటెండెంటుగారు అప్పుడే మధ్యాహ్నం భోజనం రుచి చూడబోతున్నారు. ఖైదీలకి వడ్డించేముందు వంటశాల నుంచి మొదటి పళ్ళెం ఆయనకే రావాలని జైలు పద్ధతి. జెండా పండగనాడు హడావిడిలో రుచి చూడలేదు కాబట్టి బతికిపోయారు.

"ఆ సమయానికి ఏదో అన్నానండి. రూలు ఒప్పుకోవాలి కదా" అన్నారు.

"అలాగేనండి. ఈసారి జబ్బొస్తే వంటవాళ్ళు చెప్పరు. మొదటి ముద్ద మాత్రం మీదే."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సాయంత్రానికల్లా రోజులు తిరిగి వేశారు.

దీపావళి ముందురోజు బాబాయ్ గేటు దాటాడు. ఆ వారంలోనే నాకూ బదిలీ ఆర్డరు వచ్చింది. వస్తే రానీ. నా చోటికొచ్చిన నర్సుకి మందుల బీరువాకన్నా ముందు, వంటశాల తాళంచెవి ఎక్కడ తగిలిస్తారో చూపించి వచ్చాను.