బల్ల మీద పెట్టిన పులిహోర

మొన్న శనివారం నేపర్‌విల్‌లో ఇంటి సామాన్ల దుకాణంలోకి అడుగు పెట్టగానే గంధపు అగరొత్తుల వాసన గుప్పుమంది. వాసన వచ్చిన వైపు చూస్తే, దిండ్లకూ కొవ్వొత్తులకూ మధ్య బొజ్జ ముందుకేసుకుని పకపకా నవ్వుతున్న బొమ్మ ఒకటి. మా అమ్మాయి ఆ బొజ్జ రుద్ది, "లాఫింగ్ బుద్ధా. గుడ్ లక్ వస్తుందంట" అని నా వైపు చూసి తనే నవ్వేసింది. మా ఇంట్లో ఆ మాటకు జవాబు అందరికీ కంఠతా వచ్చు. "ఆయన బుద్ధుడు కాదు తల్లీ, చైనాలో ఎవరో సరదా సన్యాసి. బుద్ధుడిది ఒంటిపూట భోజనం. అంత బొజ్జ ఎక్కణ్ణించి వస్తుంది?" ఇది విమలక్క మాట. ఆమె పోయి ఏడాది కావస్తోంది. మర్నాడు ఆమె పేరు మీద బౌద్ధ విహారంలో భోజనం పెట్టాలి, అందుకు మంచి పళ్ళెం కొందామనే ఆ దుకాణానికి వెళ్ళాం.

పెళ్ళై అమెరికా వచ్చిన కొత్తల్లో మేమున్న అపార్ట్‌మెంట్‌లో ఎదురు తలుపు విమలక్కది. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. హైస్కూల్లో లెక్కలు చెప్పేది. ఊరు గుంటూరు. మొదటిసారి కరివేపాకు కోసం వాళ్ళింటికి వెళితే హాల్లో ధ్యానంలో కూర్చున్న బుద్ధుడి విగ్రహం, ముందు ఒక చిన్న దీపం కనిపించాయి. అలంకారం కోసం పెట్టుకున్నారనుకుని మెచ్చుకున్నాను. "అలంకారం కాదమ్మా, మేం బౌద్ధులం" అంది. నేను తగ్గుతానా? "ఏముందక్కా, బుద్ధుడు మన దశావతారాల్లో ఒకడేగా" అన్నాను, ఏదో ఆమెను మాలో కలిపేసుకుని ఉపకారం చేస్తున్నట్టు. ఆమె కరివేపాకు కవర్లో పెడుతూ, "మీ లిస్టులో ఆయన పేరుంటే సంతోషమే. ఆయన్నడిగి మాత్రం రాయలేదు కదా" అంది. నేను నవ్వేశాను. ఆ రోజు మొదలు రోజూ ఏదో ఒక వంకతో ఆ తలుపు తట్టేదాన్ని.

బౌద్ధం గురించి నాకు తెలిసిందంతా స్కూలు పుస్తకంలో ఒక పాఠమూ, ఫోన్‌లో వచ్చే తామరపువ్వుల బొమ్మలూను. ఆ పరిజ్ఞానంతోనే ధాటిగా మాట్లాడేదాన్ని. వాళ్ళింట్లో చేపల పులుసు చూసి, "అదేంటక్కా, మీరు అహింస కదా" అంటే, "కొన్ని దేశాల్లో మాంసం ముట్టరు, కొన్నిచోట్ల పెట్టింది తింటారు. టిబెట్ మంచులో తోటకూర పండదు తల్లీ" అనేది. "మీ పవిత్ర గ్రంథం ఒకసారి ఇవ్వండి, వీకెండ్‌లో చదివేస్తాను" అని అడిగితే పొట్ట పట్టుకుని నవ్వింది. బుద్ధుడు ఒక్క అక్షరం రాయలేదట. భిక్షువులు తరాల తరబడి నోటికి నేర్చుకుని నిలబెట్టిన మాటలట. పాళీలో ఉన్నవే ఒక అలమర నిండా పడతాయి, చైనావాళ్ళవి వేరు, టిబెట్‌వాళ్ళవి వేరు. నేనేదైనా "బుద్ధుడు ఇలా అన్నాడు" అని మొదలుపెట్టానా, క్లాసులో పిల్లల్ని అడిగినట్టే, "స్టెప్స్ చూపించు. ఎక్కడ అన్నాడు, ఎవరితో అన్నాడు, ముందేమన్నాడు?" అని అడిగేది. నాకు ఒళ్ళు మండేది. మండినా మళ్ళీ వెళ్ళేదాన్ని.

అందరూ నాలా అమాయకంగా అడిగేవాళ్ళు కారు. ఒక పుట్టినరోజు పార్టీలో ఒకావిడ, "బౌద్ధులా? అంటే... ఏంటి మీరు?" అని సాగదీసింది. ఆ ప్రశ్న వెనక ఉన్న ప్రశ్న మన తెలుగువాళ్ళకు విప్పి చెప్పనక్కర్లేదు. నా మొహం ఎర్రబడింది. విమలక్క కేక్ ప్లేటు కింద పెట్టి, "మీరు అడగాలనుకున్నది నేరుగా అడగండి, చెప్తాను. నాకు చిన్నప్పుడు మా నాన్న ఇంటిల్లిపాదితో దీక్ష తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో కూడా చెప్తాను. కూర్చోండి" అంది. ఆవిడ కూర్చోలేదు. తిరిగి వచ్చేటప్పుడు కార్లో నేను తిట్టినంతగా అక్క తిట్టలేదు. స్కూల్లో ఎవరో పిల్లాడు భిన్నాలు అర్థమయ్యాయన్నాడని ఆ సంగతే చెబుతూ కూర్చుంది.

ఒక ఆదివారం నన్ను విహారానికి తీసుకెళ్ళింది. విహారమంటే గోపురమేమీ లేదు, ఊరి చివర మామూలు ఇల్లు. శ్రీలంక నుంచి వచ్చిన భంతే ఒకరు ఉంటారు. భంతే అంటే భిక్షువును గౌరవంగా పిలిచే పిలుపు. నేను పొద్దున్నే లేచి పులిహోర, పెరుగన్నం చేసి రెండు ట్రేలలో పట్టుకెళ్ళాను. అక్క కారు పార్క్ చేసి వచ్చేలోపు, తలా ఒకటి వండి తెచ్చే మన పాట్‌లక్ విందుల అలవాటు ప్రకారం ట్రేలు వంటగది బల్ల మీద పెట్టి, పక్కన పేపర్ ప్లేట్లు పేర్చి, భంతేతో "ప్లీజ్ హెల్ప్ యువర్‌సెల్ఫ్" అని చెప్పి హాల్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఆయన చిరునవ్వు నవ్వి కుర్చీలో కూర్చున్నారు. ఎంతసేపటికీ లేవరు. ఆకలిని జయించిన మనిషి కాబోలనుకుని నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అక్క వస్తూనే గడియారం చూసింది. "భంతేకి వడ్డించావా?"

"బల్ల మీద పెట్టానక్కా. ఆయనకి ఆకలి లేనట్టుంది."

"ఎందుకు లేదూ? చేతికివ్వందే వాళ్ళు ముట్టరు. మధ్యాహ్నం దాటితే రేపటిదాకా భోజనం లేదు. పరిగెత్తు."

పరిగెత్తాను. ప్లేటులో వడ్డించి, రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన రెండు చేతులతో అందుకుని, నా మొహంలోకి చూసి తల పంకించి, గబగబా తిన్నారు. నిజంగానే ఆకలిగా ఉన్నారు. సిగ్గుతో, "నేనింకా ఆయనకేమీ అక్కర్లేదనుకున్నానక్కా" అంటే, "అక్కర్లేక కాదు. నీ కోసం కాచుకుని కూర్చున్నారు" అంది.

ఆ మరుసటి ఏడాది మా పాప చాలా ముందుగా పుట్టేసింది. అంతకు ముందు ఒకసారి కడుపు పోయి ఉంది నాకు. ఆసుపత్రిలో గాజుపెట్టెలో, గొట్టాల మధ్య గుప్పెడంత పిల్ల. బతుకుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా ఆయన శ్రీధర్ రోజూ చొక్కా విప్పి పాపను గుండెకు ఆనించుకుని పడుకోబెట్టుకునేవాడు. అలా చేస్తే పసివాళ్ళ ఊపిరి కుదుటపడుతుందని నర్సు చెప్పింది. నన్ను అడిగితే మాత్రం "రేపు" అనేదాన్ని. శాలువా కింద చేతులు దాచుకుని పక్కన కూర్చునేదాన్ని. పేరు కూడా పెట్టనివ్వలేదు. నా ఫోన్ తెర మీద ఒక బొమ్మ పెట్టుకున్నాను. ఎవరి మీదా ప్రేమ పెంచుకోకపోతే దుఃఖమే ఉండదనే అర్థం వచ్చే మాట, కింద బుద్ధుడి పేరు. రోజుకి ఎన్నిసార్లు చదువుకునేదాన్నో.

చూడ్డానికొచ్చిన విమలక్క ఆ తెర చూసింది. ఆయన అలా అననే లేదని కొట్టిపారేస్తుందనుకున్నాను. పక్కన కూర్చుని, ఫోన్ తీసుకుని ఆ మాట మళ్ళీ చదివింది.

"ఇట్టాంటి మాటలు లేకపోలేదు" అంది. "ఇష్టం ఉన్నచోట దుఃఖం ఉంటుందన్నాడు. నిజమేగా. కానీ నువ్వు ఒక్క స్టెప్ రాసి ఆన్సర్ వేసేశావు."

"మిగతా స్టెప్స్ ఏంటి?" కసిగానే అడిగాను.

"మైత్రి గురించి, లోకంలో అందర్నీ ఎట్టా ప్రేమించాలో చెప్పాల్సొచ్చినప్పుడు పోలికకి ఎవర్ని తెచ్చాడో తెలుసా? సన్యాసిని కాదు. ఒక్కగానొక్క బిడ్డ ఉన్న తల్లిని. ప్రేమించొద్దనేవాడయితే తల్లి ఊసెందుకు ఎత్తుతాడే?"

"పోతే?" అన్నాను. అన్నాళ్ళూ గొంతులో ఉన్న మాట అదొక్కటే.

"పోతే ఏడుద్దాం. నేనూ వస్తా. ముట్టుకోకపోతే మాత్రం ఏడవవా?" శాలువా కింద నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఆ రోజు పులిహోర బల్ల మీద పెట్టి హాల్లో కూర్చున్నావు. ఇప్పుడూ అదే చేస్తున్నావు. ఆ పిల్ల కాచుకునుంది. చేతికివ్వమ్మా."

తనే నర్సును పిలిచింది. వైర్లు సర్ది పాపను నా గుండె మీద పడుకోబెట్టారు. అంత తేలిక ప్రాణికి అంత వేడి ఎక్కడిదో నాకు తెలియదు. కడుపు పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చాను. నా ఏడుపుకి పాప కదిలిపోతుంటే అక్క నా వీపు నిమురుతూ నిలబడింది. మర్నాడు ఆ గాజుపెట్టె మీద 'బేబీ గర్ల్' అన్న కార్డు తీయించి పేరు రాయించాం. మైత్రి.

చివరి రోజుల్లో విమలక్కను చూడ్డానికి వెళ్ళినప్పుడు పాత బుద్ధి పోనిచ్చుకోక, "మీకు భయం ఉండదుగా అక్కా" అన్నాను. "భయమేస్తోందే" అంది. "భయమేస్తోందని తెలుస్తోంది, అంతే తేడా. ఆ నీళ్ళు ఇటివ్వు." గ్లాసు పక్క బల్ల మీద పెట్టబోయి ఆగి, చేతికిచ్చాను. ఇప్పటికీ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి కాఫీ ఇవ్వాలన్నా, ఎవరి ఇంట్లోనైనా కష్టమొచ్చి వంట పట్టుకెళ్ళాలన్నా బల్ల మీదో గుమ్మం దగ్గరో వదిలేసి మెసేజ్ పెట్టడం నా వల్ల కాదు. తలుపు తీసేదాకా నిలబడతాను. ఈ అలవాటు వల్ల చలికాలంలో చాలాసార్లు కాళ్ళు కొయ్యబారాయి, శ్రీధర్ చేత చివాట్లూ పడ్డాయి.

నిన్న విహారంలో కొత్త పళ్ళెంలో పులిహోర వడ్డించి మైత్రికిచ్చాను. పదమూడేళ్ళకే నా భుజం దాటింది. చేతి వెనక, చిన్నప్పుడు సూదులు గుచ్చినచోట, తెల్లటి చుక్కలు ఇంకా ఉన్నాయి. భంతే ముసలివారయ్యారు, గడియారం వైపు చూడకుండా ఓపిగ్గా కూర్చున్నారు. పిల్ల రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని వెళ్ళి, ఇవ్వబోతూ ఆగి, వెనక్కి తిరిగింది.

"అమ్మా, అక్కడ ఎందుకు స్టాండ్ చేస్తున్నావ్? నువ్వు కూడా పట్టుకో. విమల ఆంటీ కోసం కదా."

నేను వెళ్ళి పళ్ళెం కింద, దాని చేతుల కింద, నా చేతులు పెట్టాను.