నిర్వచనాల ఆదివారాలు

అరవైల మొదట్లో జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. పెళ్ళి కాలేదు. బడికి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటివాళ్ళు మంచివాళ్ళే కాని, ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసుకునే ఆడపిల్లతో ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలిసేది కాదు. బడి వదిలాక మళ్ళీ బడి పెట్టేదాకా నా గొంతు నాకే వినబడేది కాదు.

తెలుగులో చదివిన మా పిల్లలు బెజవాడ కాలేజీకి వెళ్ళి, ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక ఫెయిలవుతున్నారు. వాళ్ళకోసం సైన్సు మాటలకు తేలిక ఇంగ్లీషులో నిర్వచనాలు రాయమన్నారు హెడ్మాస్టరుగారు. రాసింది సరిచూడటానికి నందిగామలో రిటైరైన ఒక ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి పంపారు. భార్య పోయి ఆయనా ఒక్కరే ఉంటున్నారు.

లిక్విడ్ అంటే పోసిన పాత్ర ఆకారం పొందే పదార్థమని రాసుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇసుక పోసినా చెంబు ఆకారంలోనే ఉంటుంది కదమ్మా. అదీ లిక్విడ్డేనా?"

"కాదండి."

"ఎందుక్కాదో అది రాయి. ముందు ఏ జాతిదో చెప్పు. ఆ జాతిలో మిగతావాటికి లేనిది దీనికేముందో తర్వాత చెప్పు."

మర్నాడు చెంబులో ఇసుక పోసి చూశాను. మధ్యలో కుప్పగా నిలిచింది. నీళ్ళు వాటంతటవే చదునయ్యాయి. ఆ మాటే రాశాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బస్సెక్కేదాన్ని. సొంత సంగతులు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆవిరికీ పొగకీ తేడా, వేడికీ ఉష్ణోగ్రతకీ తేడా, ఇవే మా కబుర్లు. ఒకసారి బస్సు చెడిపోయి ఆలస్యంగా వెళ్ళాను. ఆయన వీధిగుమ్మంలో నిలబడి ఉన్నారు.

"రావేమో అనుకున్నానమ్మా," అని లోపలికి నడిచారు.

వేసవికి ముందు ఒక ఆదివారం వెళ్తే తలుపుకు తాళం ఉంది. పక్కింటావిడ బయటికొచ్చింది.

"మాస్టారికి పక్షవాతం వచ్చిందండి. కూతురొచ్చి తీసికెళ్ళింది."

"ఏ ఊరండి?"

"రాయచూరు వైపంట. ఊరిపేరు తెలీదండి."

బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను. ఒక బస్సు వదిలేశాను కూడా.

మిగతా నిర్వచనాలు నేనే రాశాను. బడి తెరిచాక సైక్లోస్టైల్ మిషను మీద కాపీలు తీసి పిల్లలకు పంచాం. మరుసటి ఏడు కాలేజీ సెలవలకు వచ్చిన ఒకమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"లెక్చరరుగారు డెన్సిటీ అంటే ఏంటన్నారండి. క్లాసులో నేనే చెప్పా."

సంతోషం వేసింది. ఆ అమ్మాయి వెళ్ళాక ఈ కబురు చెప్పుకోవడానికి ఎవరున్నారా అని ఆలోచించాను. తర్వాత గదికి వెళ్ళి వంట చేసుకున్నాను.